తాంబూలంలో టీ ప్యాకెట్

రైల్లో కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. మొన్న బర్మింగ్‌హామ్ నుంచి షెఫీల్డ్ వెళ్తూ కూడా అంతే. లేచి తలుపు దగ్గర నిలబడటం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, ఎదురు సీటాయన కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చి ఇచ్చి చివరికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకోవడం. విజయలక్ష్మి ఆంటీ పోయారని కబురొస్తే వెళ్తున్నాను. దహనానికి క్రిమటోరియం వాళ్ళు మధ్యాహ్నం టైమిచ్చారు, నేనేమో పొద్దున్నే దిగిపోయాను. ఇంటికి వచ్చేయమని ఆంటీ వాళ్ళమ్మాయి రాధిక మెసేజ్ పెట్టింది. ఆవిడ గొంతు వినపడని ఆ ఇంట్లో కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదనిపించింది. ఎక్కడికని అనుకోకుండా నడుస్తూ పోతే కాళ్ళు మా పాత వీధి ఎత్తు ఎక్కేశాయి. షెఫీల్డ్‌లో ఎటు నడిచినా ఎత్తే. అప్పట్లో రెండు చేతుల్లో సంచులతో, నోరు మూయకుండా మాట్లాడుకుంటూ ఎక్కేదాన్ని. ఇప్పుడు సగం దారిలో ఎవరిదో ప్రహరీ గోడ పట్టుకుని నిలబడ్డాను.

చర్చి హాలు అక్కడే ఉంది. దాని పక్కగది మాత్రం నర్సరీ అయింది. కిటికీ అద్దాలకి లోపలివైపు పిల్లల అరచేతుల రంగు ముద్రలు, గుమ్మం దగ్గర మడిచిపెట్టిన, పిల్లల్ని తోసుకెళ్ళే పుష్‌చైర్లు. నేను తొంగి చూస్తుంటే ఒక అమ్మాయి తలుపు తీసి, మీ మనవడు ఏ గ్రూపులో ఉన్నాడండీ అని మర్యాదగా అడిగింది. నాకు మనవలు లేరు, ఇది ఒకప్పుడు మా కొట్టు అన్నాను. ‘ఓ, లవ్లీ’ అని తలుపు వేసేసుకుంది. ఆ అమ్మాయి తప్పేముంది, కిటికీల్లోంచి పిల్లల్ని చూసే ఆడవాళ్ళని నమ్మే రోజులా ఇవి! అయినా నాకు ఒళ్ళు మండింది. ఆ గదిలో శుక్రవారం పొద్దున కాఫీ వాసన ఎలా ఉండేదో, ఆ గది దక్కించుకోవడానికి మేం ఎంత గింజుకున్నామో గుర్తొచ్చింది. నా జీవితంలో నేను ఒక్కచోట నిలబడ్డ ఏళ్ళంటూ ఉంటే అవి ఆ గదిలో గడిపినవే.

పెళ్ళయి ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఆయన మురళి జూనియర్ డాక్టరు. ఆరు నెలలకో పోస్టు, పోస్టుకో ఊరు. ఒక ఊళ్ళో సముద్రం, ఒక ఊళ్ళో మూతపడ్డ బొగ్గుగనుల దిబ్బలు, ఒక ఊళ్ళో ఏముందో నాకు గుర్తుకూడా లేదు, కిటికీలోంచి హాస్పిటల్ చిమ్నీ తప్ప. హాస్పిటల్ వాళ్ళిచ్చే ఫ్లాట్లు అన్నిచోట్లా ఒకే వాసన, పాత కార్పెట్టూ ఫ్లోర్ పాలిషూ కలిసిన వాసన. తాలింపు వేస్తే ఫైర్ అలారం మోగేది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న డాక్టర్లు, నర్సులు గౌన్లతో కార్ పార్కులో నిలబడితే, వాళ్ళ మధ్య నేను గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. ఒక ఊళ్ళో సామాను విప్పుకుని, పక్కింటావిడ పేరు నోటికి పట్టేసరికి మురళి కొత్త ఊరి డ్యూటీ రోటా తెచ్చి ఫ్రిజ్ మీద అంటించేవాడు. కొన్నాళ్ళకి సామాను విప్పడం మానేశాను. గుంటూరులో బీకాం ఫస్ట్ క్లాసులో ప్యాసైనదాన్ని, పొద్దున్నుంచీ ఆ గదిలోంచి ఈ గదిలోకి కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. ఎన్ని ఉద్యోగాలకి రాసినా ‘మీరిక్కడ ఎంతకాలం ఉంటారు?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

షెఫీల్డ్‌లో మా పక్కింట్లో జీన్ ఉండేది. స్కూల్లో వంటపని చేసి రిటైరైన మనిషి. పెద్ద చేతులు, పొట్టి జుట్టు, అందర్నీ ‘లవ్’ అని పిలవడం. మా ఇద్దరి మధ్యా ఉన్న గోడ పల్చటిది. ఒకరోజు తలుపు కొట్టి, ‘ఏం లవ్, పొద్దున్నుంచీ నడుస్తూనే ఉన్నావు, ఎక్కడికన్నా చేరావా?’ అంది. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆ గురువారమే నన్ను చర్చి హాలుకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక మడత బల్ల మీద టీ, కాఫీ, చాక్లెట్లు, అరటిపళ్ళు పెట్టుకుని అమ్మేది. ఫెయిర్ ట్రేడ్ సరుకు. అంటే పండించినవాడికి గిట్టుబాటు ధర ముందే ఒప్పుకుని కొన్నదన్నమాట. బజార్లో ధర పడిపోయినా వాడి ధర పడిపోదు. ఇప్పుడైతే చిన్నపిల్లలకి కూడా తెలుసుగానీ అప్పుడు ఆ బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళకల్లా జీన్ మొదటినుంచీ వివరించాల్సి వచ్చేది. బల్ల వెనక గోడకి ఒక పోస్టరు. తలపాగా చుట్టుకుని, తేయాకు బుట్టతో పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న ఒకాయన. ఆ నవ్వు చూస్తే నాకు చిరాకు. మా వైపు ఏ రైతూ సరుకమ్మేటప్పుడు అలా నవ్వగా నేను చూడలేదు.

ఆ మాటే జీన్‌తో అన్నాను. మరెలా ఉంటారు అనడిగింది. అప్పుడు చెప్పాను మిర్చి సంగతి. చిన్నప్పుడు నాన్నతో లారీ ముందు సీట్లో కూర్చుని యార్డుకి వెళ్ళేదాన్ని. గేటు దగ్గర్నుంచే తుమ్ములు మొదలు. బస్తా మూతి విప్పి కాయలు చేతిలోకి తీసుకుని, విరిచి, వాసన చూసి, కొనేవాడూ మా కమీషన్ వ్యాపారీ ఎదురెదురుగా నిలబడేవాళ్ళు. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు. ఆ తువ్వాలు కింద వేళ్ళు నొక్కుకుంటూ ధర మాట్లాడుకునేవాళ్ళు. నోటితో ఒక్క మాట ఉండేది కాదు. ఏడాదంతా తోటకి నీళ్ళు పెట్టి, మందు కొట్టి, కళ్ళాల్లో కాపలా పడుకున్న నాన్న పక్కనే నిలబడేవాడు. తువ్వాలు తీశాక ఆయనకి చెప్పేవాళ్ళు. ‘అంతసేపూ మీ నాన్న ఏం చేసేవాడు?’ అని జీన్ అడిగింది. తువ్వాలు వంక చూసేవాడని చెప్పాను. జీన్ చేతిలో ఉన్న ప్యాకెట్టు బల్ల మీద పెట్టేసింది. తర్వాత ఇది మా వాళ్ళందరికీ చెప్పు అని, మరుసటి వారం అందరూ కబుర్లకి చేరే కాఫీ మార్నింగ్‌లో నన్ను లేపి నిలబెట్టింది. చెప్పాను. అంతా అయ్యాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, పాపం మీది చాలా పేద కుటుంబమా అంది. నాకెక్కడ లేని కోపం వచ్చింది. మా నాన్నకి ఆరెకరాల మాగాణి ఉంది, డాబా ఇల్లుంది, ఆయన పేదవాడు కాదు, తన సరుకు ధర తనే చెప్పుకునే వీల్లేని మనిషి అన్నాను. గొంతు కాస్త పెద్దదైందేమో, హాలంతా తిరిగి చూసింది. ఆ రోజు నుంచీ ఆ బల్ల వెనక జీన్ పక్కన నాకూ ఒక కుర్చీ పడింది.

మురళి మాత్రం తల పట్టుకునేవాడు. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు శారదా? మీ నాన్నే సర్దుకుపోయాడు, నీకేంటి?’ అనేవాడు, సోఫాలో సగం నిద్రలో. మంచివాడే. నిద్ర తక్కువ మనిషి. ‘ఇక్కడ కందా నేనే, కత్తిపీటా నేనే, పడుకో’ అనేదాన్ని.

ఆ వేసవిలో చర్చి కమిటీ ఒక మాట చెప్పింది. హాలు పక్కగది ఖాళీగా ఉంది. నర్సరీ పెడతామని ఒకరు అడుగుతున్నారు. అయినా జీన్ మీద గౌరవంతో, క్రిస్మస్ దాకా ఆ గదిని కొట్టుగా వాడుకోనిస్తారు. ఈలోగా చుట్టుపక్కలవాళ్ళ ఆదరణతో కొట్టు తన కాళ్ళ మీద తాను నిలబడితే గది మాది, లేకపోతే నర్సరీది. నిలబడితే జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవచ్చు, సగం రోజుల ఉద్యోగం. ఆ మనిషి శారదేనని జీన్ అప్పుడే తేల్చేసింది. సగం జీతానికి సగం ఉద్యోగం. నాకు మాత్రం కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరం. ఇంట్లో నడక మానేశాను, వీధుల్లో నడవడం మొదలుపెట్టాను. ఒక కొట్టు బతకాలంటే దారినపోయేవాళ్ళు చాలరని, ఆ పేటలో గుంపులుగా బతికేవాళ్ళంతా పట్టుకోవాలని జీన్ లెక్క. స్కూలు స్టాఫ్ రూమూ, జీపీ సర్జరీ అని పిలిచే పేట డాక్టరు క్లినిక్కూ, చర్చి వాళ్ళూ జీన్ వంతు. యూనివర్సిటీ పిల్లలు మాకు సాయం వచ్చే ఒక కుర్రాడి వంతు. ‘మీవాళ్ళు నీ వంతు’ అంది నాతో.

మావాళ్ళంటే విజయలక్ష్మి ఆంటీ. ఆ ఊళ్ళో తెలుగు ఇళ్ళు చాలానే ఉండేవి, హాస్పిటళ్ళవల్ల. కానీ ఆవిడ ఊఁ అనకుండా ఎవరూ దీపావళి తేదీ కూడా ఖాయం చేసేవాళ్ళు కాదు. భర్త పెద్ద కన్సల్టెంటు, మేమంతా పుట్టేటప్పటికే ఈ దేశం వచ్చినవాళ్ళు. ఆదివారం ఆవిడ ఇంట్లో చెప్పుల గుట్ట చూసి లోపల ఎవరెవరున్నారో చెప్పుకునేవాళ్ళం. గాజు గదిలో గోంగూర, పచ్చిమిర్చి పెంచేవారు. కరివేపాకు మొక్కకి చలికాలం శాలువా కప్పేవారు. ఒకసారి వాడిన ఫాయిల్ కాగితం కడిగి, తుడిచి, మడతపెట్టి దాచేవారు. పాలు పొంగకుండా గిన్నె దగ్గర నిలబడే ఊరి సంగతులన్నీ విచారించేవారు. ఆ ఇంట్లో ఇంగువ, సాంబ్రాణి, ఇస్త్రీ చేసిన వేడి చీర, ఈ మూడు వాసనలూ కలిసి ఉండేవి. ఆవిడ మాత్రం బయట నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడేవారు కాదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే రాధిక చేత చెప్పించేవారు. వాళ్ళమ్మ తెలుగులో అడిగిన ప్రతిదానికీ షెఫీల్డ్ యాసలో ఇంగ్లీషు జవాబిచ్చేది ఆ పిల్ల.

నేను వెళ్ళి కొట్టు సంగతి అంతా చెప్పాను, రైతులూ, గిట్టుబాటూ, తువ్వాలూ అన్నీ. ఆవిడ చక్కటి కాఫీ ఇచ్చి, అంతా విని, ‘చూద్దాంలే అమ్మడూ’ అన్నారు. మా గుంటూరు వైపు చూద్దాంలే అంటే కుదరదని అర్థం.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం శుక్రవారం ఎవరో ఒకరింట్లో పేరంటం. బ్రాడ్‌ఫర్డ్ నుంచి తమలపాకులు తెప్పించి, శనగలు నానబోసి, పట్టుచీరల మీద కోట్లు తొడుక్కుని, వర్షంలో ఇళ్ళు తిరిగేవాళ్ళం. తాంబూలంలో రెండు అరటిపళ్ళు, వక్కలు, శనగలు, ఒక జాకెట్టు ముక్క. నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా ఇంటి పేరంటంలో జాకెట్టు ముక్కకి బదులు మా కొట్టు టీ ప్యాకెట్టు పెడితే! అరటిపళ్ళూ మావే. ఒక్క శుక్రవారంతో ఊళ్ళో తెలుగు ఇళ్ళన్నిటికీ మా సరుకు చేరిపోతుంది, టీ తాగి చూస్తారు, వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. ప్యాకెట్ల మూలలకి పసుపు కూడా రాశాను, కొత్త వస్తువు కదా. జీన్‌కి కూడా బొట్టు పెట్టి కూర్చోబెట్టాను. అందరూ ‘భలే ఉందే, కొత్తగా ఉందే’ అన్నారు. నేను రెండు వారాలు కొట్టు తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు.

శ్రావణం చివరి శుక్రవారం ఒక కొత్త పెళ్ళికూతురి ఇంటికి పేరంటానికి వెళ్ళాను. కాళ్ళకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, తాంబూలం చేతిలో పెట్టింది. అందులో టీ ప్యాకెట్టు. మాదే. ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంటే ఆనాడు నేనే వేలితో సరిచేశాను, గుర్తుపట్టాను. దాని మూలల మీద ఇప్పుడు ఒక్క పసుపు కాదు, ముదురుదీ లేతదీ, ఒకదానిమీద ఒకటి, ఎన్ని ఇళ్ళ పసుపో. అట్టపెట్టె పచ్చబడిపోయింది. సీలు మాత్రం చెక్కుచెదరలేదు. జాకెట్టు ముక్కలు ఎలా తిరుగుతాయో ఆ టీ అలాగే తిరిగింది. ఒకరిచ్చింది ఒకరికి, వాళ్ళిచ్చింది ఇంకొకరికి. తాంబూలంలో వచ్చినది వాడుకుంటామా, దాచి మళ్ళీ పెడతాం కదా! ఈ ఆచారం తెలియనిదాన్నా నేను? మా ఇంట్లో బీరువా నిండా అలాంటి ముక్కలే కదా ఉన్నాయి. మురళి సంగతి విని సోఫా మీంచి కిందపడేలా నవ్వాడు. అతని నవ్వు ఆగకముందే నేను కోటు తొడుక్కుని, ఆ ప్యాకెట్టు పట్టుకుని, ఆంటీ ఇంటికి ఎత్తు ఎక్కుతున్నాను.

‘ఏంటాంటీ ఇది? ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు విప్పలేదు!’ అన్నాను గుమ్మంలోనే.

ఆవిడ ప్యాకెట్టు తిప్పి చూశారు. ‘అబ్బో, నాకంటే ఎక్కువ ఊరు తిరిగిందే ఇది’ అన్నారు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు. ‘కూర్చో. కోపం తర్వాత పడుదువుగాని. ఇవ్వడం వేరు, అమ్మడం వేరు అమ్మడూ. నువ్వు మాకు వాయనమిచ్చావు, మేం పుచ్చుకున్నాం. ఇంకొకళ్ళకి ఇచ్చాం. దాంట్లో తాగడం ఎక్కడుంది?’

‘మరి కొనండి. కొట్టుకి రండి.’

‘ఏం కొనాలి? టీ సంచీలా? సంచీ టీ మా ఇంట్లో ఎవరు తాగుతారు? పాలు, అల్లం వేసి కాచుకునేవాళ్ళం. చాక్లెట్లు కొనాలా? రైతు కష్టం మాకు చెప్పావు, బాగానే ఉంది. మేమేమన్నా లార్డుల బిడ్డలమా, మాకు తెలీదూ? మాకేం కావాలో ఒక్కసారన్నా అడిగావా?’

తప్పు నాదేనని ఒప్పుకోవడం నాకిష్టం లేదు. ‘సరే, ఏం కావాలి?’ అన్నాను మొండిగా.

వారంలో ఆవిడే కొట్టుకి వచ్చారు. సిల్కు చీర, పైన ఉన్ని కోటు, కాళ్ళకి స్నో బూట్లు, మంచేమీ లేకపోయినా. జీన్‌కి ఒక నమస్కారం పెట్టి అలమార్లన్నీ ముట్టి చూశారు. ఏదో ద్వీపం నుంచి వచ్చే ముదురురంగు తడి చక్కెర వేలితో తీసి నాలిక మీద వేసుకుని, ‘ఇది చక్కెర కాదు, బెల్లానికి పినతల్లి కూతురు’ అని తేల్చారు. ఆఫ్రికా వేరుశెనగ గుళ్ళు కొరికి చూసి, వేయించనివి ఎందుకు తెప్పించరు అన్నారు. జీడిపప్పు బద్దలు కావాలి, చిన్న ప్యాకెట్లు ఎందుకు, పెద్దవి కావాలి. కాఫీ పొడి దగ్గర ఆగిపోయారు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ‘గింజ మంచిదే. పొడి రవ్వలా ఉంది. ఫిల్టరులో వేస్తే నీళ్ళు నీళ్ళలా దిగిపోతాయి’ అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్తుంటే జీన్ పెద్ద చేతులతో అన్నీ రాసుకుంది. మూతపడుతున్న ఒక కెఫే నుంచి కాఫీ గింజలు ఆడించే పాత మర ఒకటి మోసుకొచ్చింది. గింజలు తెప్పించి అక్కడికక్కడ మెత్తగా ఆడించడం మొదలైంది.

ఆ వాసన చేసిన పని నా ఉపన్యాసాలన్నీ కలిపినా చేయలేదు. శుక్రవారం పొద్దున ఆంటీ తన ఇత్తడి ఫిల్టరు తెచ్చి ఆ గదిలోనే డికాషన్ దించేవారు. శ్రావణం పేరంటాలు అయిపోయాక ఆశ్వయుజంలో కూడా మావాళ్ళు శుక్రవారాలు అక్కడ చేరేవాళ్ళు. చర్చి పెద్దావిడలు కూడా కప్పులు పట్టుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళు కాఫీలో చల్లటి పాలు పోసుకుంటుంటే ఆంటీ తెలుగులోనే కసిరేవారు, వాళ్ళు ఇంగ్లీషులోనే నవ్వేవాళ్ళు. సర్జరీ రిసెప్షనిస్టు వేరుశెనగ గుళ్ళకి వచ్చేది. స్కూలు వాళ్ళు చక్కెర పట్టుకెళ్ళేవాళ్ళు. కొట్టులో ఏముండాలన్నది పోస్టరు చూసి కాక, వచ్చేవాళ్ళని అడిగి తెప్పించడం మాకు అప్పుడే అలవాటైంది.

ఇక మిగిలింది దీపావళి. మా తెలుగు సంఘం భోజనాలకి చక్కెర, కాఫీ, జీడిపప్పు, వేరుశెనగ అన్నీ మా కొట్టులో తీసుకుంటే, చర్చి కమిటీ ముందు మేం తలెత్తుకుని నిలబడొచ్చు. సంఘం మీటింగులో ట్రెజరర్ ప్రసాద్ అంకుల్ అడ్డం పడ్డారు. లెస్టర్‌లో హోల్‌సేల్‌గా దొరికేది వదిలేసి ఎక్కువ పెట్టి ఇక్కడ కొనడం ఏం తెలివి అన్నారు. నేను లేచాను. నా చీర కొంగు పట్టుకుని ఆంటీ కూర్చోబెట్టేశారు.

‘ప్రసాదూ, కంపెనీ వాళ్ళు పొగాకు కొనకుండా వెళ్ళిపోయిన ఏడాది మీ నాన్నగారు ఆకు కాల్చే బ్యారన్ అరుగు మీద తిండి మానేసి పడుకున్నారని మా ఇంట్లో కూర్చుని చెప్పింది నువ్వే కదయ్యా?’ అన్నారు.

అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. ‘అదీ ఇదీ ఒకటా అక్కయ్యా’ అన్నారు చివరికి, మెల్లగా.

‘ఒకటే. చక్కెర వాడి నాన్న ఇంకో దేశంలో పడుకుని ఉంటాడు. అంతే తేడా.’

ఆ దీపావళికి బూరెలు ఆ బెల్లం పినతల్లి కూతురితోనే చేశాం. కాస్త నల్లగా వచ్చాయి. అందరూ తిన్నారు. క్రిస్మస్‌కి వారం ముందు చర్చి కమిటీ గది మాకే ఇచ్చింది. ఉద్యోగమూ ఖాయమైంది. జీన్ నన్ను ఎత్తి తిప్పినంత పని చేసింది.

ఆ వారంలోనే మురళి చేతిలో కవరుతో ఇంటికొచ్చాడు. స్పెషలిస్టు ట్రైనింగ్ దొరికింది. ఎంతకాలంగానో ఎదురుచూస్తున్నది. బర్మింగ్‌హామ్‌లో, ఫిబ్రవరి నుంచి. అతని మొహం వెలిగిపోతోంది. నా మొహం చూసి ఆ వెలుగు తగ్గింది. ‘వెళ్ళాలి కదా శారదా’ అన్నాడు. వెళ్ళాలి కదా. ఆ మాట అందరూ అన్నారు. అమ్మ ఫోన్లో అంది, అత్తయ్య అన్నారు, కొట్టు దక్కిందని నాకు చప్పట్లు కొట్టినవాళ్ళే అన్నారు. జీన్ మాత్రం ‘ఫర్వాలేదు లవ్’ అని అటు తిరిగి ప్యాకెట్లు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. నేను మళ్ళీ ఇంట్లో నడవడం మొదలుపెట్టాను. ఈసారి జీన్ వచ్చి తలుపు కొట్టలేదు.

ఆంటీకి చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో గోంగూర ఆకు దూస్తున్నారు. చెప్పాను. ఆకు దూస్తూనే, ‘మురళికి మంచిదే. మరి నువ్వు?’ అన్నారు. అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనేంటాంటీ, వెళ్ళాలి కదా అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చేసరికి ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు.

ఆవిడ ఇంకో గోంగూర రెమ్మ అందుకున్నారు. తర్వాత, ‘నేను లైబ్రరీలో పనిచేశాను, తెలుసా?’ అన్నారు. ‘ఇక్కడెవరికీ తెలీదులే. ఈ ఊరు రాకముందు, ఈ దేశంలోనే ఇంకో ఊళ్ళో. శనివారాలు పిల్లలకి కథలు చదివి వినిపించేదాన్ని, ఇంగ్లీషులోనే. నా ఇంగ్లీషుకి పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళుగానీ పిల్లలు నవ్వేవాళ్ళు కాదు. మీ అంకుల్‌కి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఆయన రమ్మని బలవంతపెట్టలేదమ్మా, పాపం. సామాను సర్దింది నేనే. ఎవరన్నా ఒక్కళ్ళు, ఉండిపోవే అంటే ఉండిపోదునేమో. ఎవరూ అనలేదు.’ ఆకు దూసిన చేతులు కొంగుకి తుడుచుకున్నారు. నా వంక చూడలేదు. ‘ఉండిపోవే శారదా’ అన్నారు.

ఉండిపోయాను. మురళి శుక్రవారం సాయంత్రాలు రైల్లో వచ్చి ఆదివారం వెళ్ళేవాడు. మొదట్లో అలిగాడు, తర్వాత రైల్లో బాగా నిద్రపడుతోందన్నాడు. మొగుణ్ణి వదిలేసి కొట్టు పెట్టుకుందని ఊళ్ళో అనాల్సినవాళ్ళు అన్నారు, ఆంటీ ముందు మాత్రం అనలేదు. కొన్నేళ్ళు ఆ గది మాదే. తర్వాత మా సరుకే, అదే ఫెయిర్ ట్రేడ్ గుర్తుతో, పెద్ద సూపర్‌మార్కెట్లన్నిటిలోకీ వచ్చేసింది. మేం అడిగింది అదే కదా, అన్నిచోట్లా దొరకాలని. దొరికింది, మా కొట్టుకి వచ్చేవాళ్ళు తగ్గారు. గెలిచి మూసేసిన కొట్టు మాది. అప్పుడే నేనూ బర్మింగ్‌హామ్ చేరాను. ఇప్పుడు నేనే ఆ గుర్తున్న అరటిపళ్ళు బిల్లు వేసే మెషీన్‌కి చూపించి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా కొనుక్కుని బయటికొస్తాను. మంచి రోజులే. పండించినవాడికి ఎంతో కొంత చేరుతోంది. కానీ ‘మీకేం కావాలి’ అని అడిగే మనిషి ఆ షాపులో లేరు. మా తమ్ముడు ఇప్పటికీ మిర్చి వేస్తాడు. ఈ మధ్య ధర ఫోన్లోనే తెలుస్తుందట. తెలుస్తుంది, అంతే. చెప్పేది ఇప్పటికీ వేరేవాళ్ళే.

క్రిమటోరియంలో జనం పట్టలేదు. గోడల వెంట నిలబడ్డారు. ఆంటీ వంట గురించి, ఆతిథ్యం గురించి ఒక్కొక్కరే చెప్పారు. చివరికి రాధిక లేచి ఇంగ్లీషులో మాట్లాడింది. జుట్టు నెరిసింది ఆ పిల్లకి కూడా. మా అమ్మకి ఇల్లే ప్రపంచం, బయట ఉద్యోగం చేయాలని ఆవిడకి ఎప్పుడూ లేదు, మాకోసమే బతికింది అంది. అందరూ తలలూపారు. నాకు కుర్చీలో కాళ్ళు నిలవలేదు.

బయట సన్నగా తుంపర. పూల దగ్గర నిలబడ్డ రాధిక చెయ్యి పట్టుకున్నాను. ‘మీ అమ్మ లైబ్రరీలో పనిచేసిందమ్మా, మీరు ఈ ఊరు రాకముందు. శనివారాలు పిల్లలకి ఇంగ్లీషులో కథలు చదివేది. నాకు తనే చెప్పింది’ అన్నాను.

రాధిక పూల దగ్గర్నుంచి నా వైపు పూర్తిగా తిరిగింది. ‘విచ్ లైబ్రరీ, ఆంటీ?’ అంది. ఏ ఊళ్ళో, ఎన్నాళ్ళు, ఏ కథలు అని నా చెయ్యి వదలకుండా అడుగుతూనే ఉంది. ఆ రోజు ఆ వంటింట్లో నా ఉద్యోగం గురించి నేను ఏడుస్తున్నాను. ఆ తర్వాత ఎన్నో శుక్రవారాలు ఆవిడ చేతి కాఫీ తాగాను. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నేను అడగలేదు.